కునుకు కూతురి తొలి దెబ్బ

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరూ అంటారు గానీ అది వట్టి మాట. ముక్కు మీద కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగానూ పోతుంది. ఆమెది కడుపులో కోపం. ఒకసారి లోపలికి వెళ్ళిందంటే అక్కడే కాపురం పెడుతుంది, పిల్లల్ని కంటుంది, ఇక ఖాళీ చెయ్యమన్నా చెయ్యదు. బడిలో వేసిన ఏడాది లోపలికి వెళ్ళిన కోపం, నలభైకి దగ్గరపడుతున్న ఈ వయసులో కూడా ఆమె దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

ఆమెది బొమ్మల పని. పిల్లలు ఆడుకునేవి కావు, యుద్ధాల మ్యూజియంలో పెట్టేవి. పెద్ద పెద్ద బల్లల మీద పాత యుద్ధాలన్నీ చిన్నచిన్నగా చేసి చూపిస్తారక్కడ. ఇనుప జల్లెడ వంచి దాని మీద ప్లాస్టర్ పోస్తే కొండ. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టిస్తే గడ్డి. దూదిని విడదీసి మసి అద్దితే పొగ. వేలెడంత సైనికులను మైనంతో పోత పోసి, నాలుగు వెంట్రుకల కుంచెతో కళ్ళూ మీసాలూ దిద్దుతారు. పనిలో ఆమెను మించినవాళ్ళు లేరని మేస్త్రి అనేవాడు. ఆ మాట ఆమె ఎదురుగా ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటుందని ఆయన భయం.

వీధిలో మాత్రం ఆమె కునుకు కూతురే. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే యుద్ధం మొదలైన పొద్దుటికి వెళ్ళాలి.

ఆ ఊరికి నడుమ నది. నది మీద ఎత్తే వంతెన. పడవలు వచ్చినప్పుడు అది రెండు ముక్కలై పైకి లేస్తుంది. పక్కనే చిన్న గది, గదిలో నిలువెత్తు ఇనుప చక్రం. ఆ చక్రం తిప్పే ఉద్యోగం ఆమె నాన్నది. యుద్ధం వచ్చిన పొద్దున శత్రువు అవతలి గట్టు మీదికి వచ్చాడు. మనవాళ్ళు వెనక్కి తగ్గి, వంతెన దాటి ఇవతలికి వచ్చేశారు. ఇక వంతెన ఎత్తేస్తే చాలు, శత్రువు అక్కడే నీళ్ళు చూస్తూ నిలబడాలి. వంతెన లేవలేదు. శత్రువు షికారుకొచ్చినట్టు నడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు. గట్టు మీద ఉన్న కుర్రాళ్ళు చాలామంది అక్కడికక్కడే పోయారు, సగం ఊరు పోయింది, పోయిన సగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. విచారణలో అక్కడి కెప్టెన్ ఒకటే మాట చెప్పాడు. వంతెన మనిషి నిద్రపోయాడన్నాడు. పాపం ముందు రోజంతా పనిలోనే ఉన్నాడు, కునుకు పట్టేసింది, క్షమించండని తనే సిఫారసు కూడా చేశాడు. ఎంత గొప్ప మనసో అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. నాన్న తల వంచుకుని అవునండి అన్నాడు. తల తీసేస్తారనుకుంటే ఉద్యోగం తీసేసి వదిలేశారు. ఆ కెప్టెన్ అంచెలంచెలుగా జనరల్ అయ్యాడు. నాన్న సైకిళ్ళ షాపులో వంకరపోయిన చక్రాలు సరిచేసే పనిలో కుదిరాడు, కునుకు అనే పేరు మోసుకుంటూ.

అప్పటికామె చంకలో పిల్ల. ఆమెకు ఆ యుద్ధం గుర్తులేదు. ఆమె మొదటి యుద్ధం బడిలో జరిగింది.

టీచరు గోడకు పటం తగిలించి వంతెన పాఠం చెప్పాడు. ఒక మనిషి కునుకు వల్ల సగం ఊరు పోయిందన్నాడు. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. పక్కన కూర్చున్న పిల్ల గురకపెట్టి చూపించింది. ఈమె ఏం చేసిందంటే, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కొరికేసింది. ఊరికే కాదు, పళ్ళు దిగేలా. టీచరు ఈమెను వరండాలో నిలబెట్టాడు. గురకపెట్టిన పిల్లకు కట్టు కట్టి నీళ్ళిచ్చి ఓదార్చారు. మాట అన్నవాళ్ళు లోపల, పడ్డవాళ్ళు బయట. ఆ తర్వాత ఎవరు ఎక్కడ నవ్వినా తన గురించేననుకునేది. ఎవరైనా ఆవులిస్తే చాలు, పళ్ళు నూరేది. టైలరొకడు ఆమెను ఇష్టపడ్డాడు, మంచివాడే. ఒక సాయంత్రం మాటల మధ్యలో ఆవులించి, మీ ఇంటి గాలి సోకింది నాకు అని నవ్వాడు. అంతే, వాడి కథ ఆ ఆవులింతతోనే ముగిసింది. వాడు ఇప్పటికీ తను చేసిన తప్పేంటో తెలియక బుర్ర గోక్కుంటూ ఉంటాడు.

అమ్మ పోయే ముందు ఆస్పత్రి మంచం మీద నిజం చెప్పింది. ఆ పొద్దున అమ్మ పసిపిల్లను ఎత్తుకుని, నాన్నకు భోజనం డబ్బా ఇవ్వడానికి వంతెన గదికి వెళ్ళిందట.

"మీ నాన్న నిద్రపోలేదే," అంది అమ్మ. "ఆ కెప్టెన్ గుమ్మంలో నిలబడి ఆపించాడు. అవతల వాడి ఇంటి సామాన్ల లారీ వస్తోంది. అద్దాల అల్మారా, సోఫాలు, అన్నీ. నా లారీ దాటే దాకా ఎత్తొద్దన్నాడు. నేను నా కళ్ళతో చూశాను."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. మీ నాన్న ఒట్టు వేయించుకున్నాడంది అమ్మ. ఆ తర్వాత ఆమె నాన్నను ఎన్నిసార్లు కదిపి చూసినా, ఆయన చేతులకు గ్రీజు అంటిందని లేచి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయేవాడు. వెళ్ళినవాడు తిరిగి ఆ మాటకు వచ్చేవాడు కాదు. పిరికివాడని ఆమె అనుకుంది. జనరల్ అంటే ఇంకా వణుకుతున్నాడని, తన బతుకు పాడుచేసినవాణ్ణి పల్లెత్తు మాట అనలేని మెతక మనిషని అనుకుంది. జాలిపడింది, ఒళ్ళు మండిపోయింది, రెండూ. మీరు ఊరుకుంటే నేను ఊరుకోను అని ఆయన వీపుతో చెప్పింది. కుళాయి చప్పుడులో ఆయన విన్నాడో లేదో తెలియదు.

మ్యూజియంలో చేరింది అందుకే. ఆ మ్యూజియానికి పెద్ద ఆ జనరలే. ఏదో ఒకరోజు చేతికి దొరుకుతాడని చేరింది. ఈమె ఎవరి కూతురో అక్కడ మేస్త్రికి ఒక్కడికే తెలుసు, ఆయన కడుపులో పెట్టుకున్నాడు.

మేస్త్రి ఆమెకు పనితో పాటు ఇంకో విద్య కూడా నేర్పాడు. కొత్త బల్ల ఏది తయారైనా జనరల్ వచ్చి, జనం ముందు, పత్రికలవాళ్ళ ముందు దాన్ని పరీక్షించేవాడు. సన్న బెత్తం పట్టుకుని చుట్టూ తిరిగి తప్పు పట్టేవాడు. తప్పు దొరికితే ఆయన ముఖం వెలిగిపోయేది, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు, బల్ల మీదికి అద్దాల పెట్టె దించేవాళ్ళు. తప్పు దొరక్కపోతే మాత్రం కొంప మునిగేది. దొరికే దాకా వెతుకుతాడు, కొండను పక్కకు జరపమంటాడు, నదిని వంచమంటాడు, నెలల పని మట్టిలో కలిసిపోతుంది. అందుకని మేస్త్రి ప్రతి బల్లలోనూ తనే ఒక చిన్న తప్పు పెట్టేవాడు. ఒక సైనికుడికి ఎడమ భుజాన తుపాకి, ఒక గుర్రానికి కళ్ళెం లేకుండా, అట్లాంటివి. దానికి జనరల్ గారి ముద్ద అని పేరు పెట్టుకున్నారు. ముద్ద తినిపిస్తే పేచీ పెట్టడు. మేనేజరుకు కూడా ఆ సంగతి తెలుసు, ఈసారి ముద్ద ఏం పెట్టారని ముందే కనుక్కుని తనూ నవ్వుకునేవాడు.

ఆమె గోడ పక్కన నిలబడి జనరల్ ఉపన్యాసాలు వినేది. అన్నీ ఒకటే ఉపన్యాసం. మొదటి పోరు యుద్ధం మొత్తానికీ నడక నేర్పుతుందనేవాడు. మొదటి దెబ్బ తిన్నవాడు ఆ తర్వాత శత్రువు ఎక్కడ కొడతాడా అని చూడడు, మళ్ళీ అక్కడే కొడతాడేమో అని చూస్తాడు. మన సైన్యంలో సగం ఆ నది గట్టు కాపలాకే పోయింది, శత్రువు ఆ తర్వాత అటువైపు రానే రాలేదు, వేరే దారుల్లో తిరుగుతూ మనల్ని ఏళ్ళ తరబడి ఏడిపించాడు. మొదటి దెబ్బ కొట్టేవాడికి బలం అక్కర్లేదు, ఎదుటివాడు ఎటు తిరుగుతాడో తెలిస్తే చాలు. ఇంత దాకా చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఇదంతా ఒక మనిషి కునుకు అనేవాడు. జనం అయ్యో అనేవాళ్ళు. ఆ అయ్యో కోసమే ఆయన ఆగేవాడు.

ఆ చివరి మాట వింటే ఆమెకు ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. కానీ ముందు మాటలు మాత్రం నిజమేననిపించేది, ఎందుకంటే ఆమెకూ అదే జరిగింది. బడిలో తిన్న దెబ్బతో ఆమె బతుకులో సగం సైన్యం వీపు కాపలాకే పోయింది. చదువు వేరే దారిన పోయింది, టైలరు వేరే దారిన పోయాడు. అయితే జనరల్ అక్కడితో ఆగిపోయాడు, ఆమె ఆగలేదు. ఎదుటివాడు ఎటు తిరుగుతాడో తెలిస్తే చాలన్న మాట పట్టుకుని నమిలింది. ఈయన ఎటు తిరుగుతాడు? తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేడు. మరీ ముఖ్యంగా తన గురించి తప్పు కనబడితే.

మేస్త్రి పోయాక ఆ పని ఆమె చేతికొచ్చింది. ఆ ఏడే మ్యూజియం పెద్ద హాల్లో వంతెన యుద్ధం బల్ల కొత్తగా, పెద్దగా చెయ్యాలని జనరల్ ఆజ్ఞ. వంతెన మనిషి బొమ్మ స్పష్టంగా కనబడాలని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నట్టు ఉండాలని కబురు పంపాడు. ఆమె చేసింది. సొంత నాన్నను నోరు తెరిపించి, తల చక్రానికి ఆనించి, మైనంలో పోత పోసింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు. ఇంకో బొమ్మ కూడా పోసి, కోటు జేబులో దూదిలో చుట్టి దాచుకుంది.

తర్వాత వంతెన మీద ఒక లారీ పెట్టింది. లారీలో సోఫాలు, అద్దాల అల్మారా. మేనేజరు చూసి ఇదేంటన్నాడు. జనరల్ గారి ముద్దండీ అంది. మేనేజరు పడీపడీ నవ్వాడు. యుద్ధానికి ఎవరైనా అల్మారా పట్టుకెళ్తారా, గుడ్డివాడికి కూడా కనబడుతుంది, ఈసారి వెతికే శ్రమ కూడా లేకుండా పెట్టారు అని మెచ్చుకున్నాడు.

మేనేజరు చూడనిది ఇంకోటుంది. ప్రారంభోత్సవం పొద్దున దుమ్ము దులిపే నెపంతో వెళ్ళి, అల్మారా వెనక ఒక మైనపు మనిషిని కూర్చోబెట్టింది. గొంతుక్కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకున్న మనిషి. నెత్తిన ఎర్ర పట్టీ టోపీ. ఆ పటాలంలో ఎర్ర పట్టీ టోపీ కెప్టెన్ ఒక్కడికే ఉండేదని జనరల్ ప్రతి ఉపన్యాసంలోనూ చెప్పేవాడు. ఆ బొమ్మ ఒక్క వైపు నుంచే కనబడుతుంది. ఆయన ఎప్పుడూ నిలబడే వైపు.

హాలు నిండింది. బడి పిల్లలు, ముసలి సైనికులు, ఫొటోలవాళ్ళు, పెద్ద మనుషులు. అద్దాల పెట్టె గొలుసులకు వేలాడుతోంది. ఆమె పని కోటుతో గోడ పక్కన నిలబడింది. ఆయన ఇటు తిరగకపోతే? లారీ లేదు ఏమీ లేదు తీసెయ్యండి అని ఒక్క మాట అంటే? అంతటితో అయిపోతుంది, తన ఉద్యోగం పోతుంది, నాన్న నోరు తెరుచుకుని అద్దాల కింద శాశ్వతంగా నిద్రపోతాడు.

ఉపన్యాసం అయింది. ఇదంతా ఒక మనిషి కునుకు అన్నాడు, జనం అయ్యో అన్నారు. తర్వాత బెత్తం పట్టుకుని బల్ల చుట్టూ నడిచాడు. నది చూశాడు, కొండ చూశాడు. వంతెన దగ్గరికి వచ్చి లారీ చూసి ఆగిపోయాడు. ఆయన ముఖంలో రంగు మారింది, అంతలోనే సర్దుకున్నాడు, చూడనట్టు రెండడుగులు ముందుకేశాడు. వెళ్ళిపోతున్నాడనుకుంది. కానీ మేనేజరు ఊరుకుంటాడా? ముద్ద తినకుండా వెళ్తే తర్వాత తన పని పడతాడని ఆయన భయం. సర్, వంతెన మీద ఒకసారి చూడండి సర్ అని బతిమాలుతూ నవ్వాడు. జనం కూడా మెడలు సాచారు. జనరల్ ఇక తప్పక వంగి చూశాడు. అల్మారా వెనక మనిషి కనబడ్డాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

దొరికిందా సర్, యుద్ధానికి అల్మారా ఏంటని మేనేజరు చేతులు నలుపుకున్నాడు.

"అల్మారా సంగతి కాదయ్యా. ఈ మనిషెవడు? ఎర్ర టోపీ నాది. నేను లారీలో దాక్కున్నానా? ఈ ఊళ్ళో ఒక్కణ్ణి చెప్పమను. లారీ ఆఖరి చక్రం దాటే దాకా గది గుమ్మంలో నిలబడ్డాను. గుళ్ళు చెవి పక్క నుంచి పోతున్నా కదల్లేదు."

అలవాటు కొద్దీ నలుగురు చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని ఆయన ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి పెన్ను పైకెత్తి, గది అంటే వంతెన మనిషి గదేనా అని అడిగింది. ఇంకే గది ఉందక్కడ అని గదమాయించాడాయన.

"మరి మీరు గుమ్మంలోనే ఉన్నారు కదా సర్," అంది ఆ అమ్మాయి, అమాయకంగానే. "అతన్ని లేపలేదా?"

చప్పట్లు ఆగిపోయాయి. జనరల్ బెత్తాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. వెనక వరసలో నుంచి ఒక ముసలి సైనికుడు లేచి, ఆ సామాను ఎవరిది సార్ అన్నాడు. ఆయన గొంతులో ఏ మర్యాదా లేదు. జనరల్ అల్మారా వంక చూస్తూ, మా ఆవిడ పుట్టింటిది అన్నాడు. అన్న తర్వాత గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. బెత్తం కిందికి దిగిపోయింది, ఎవరో కుర్చీ తెచ్చారు.

అప్పుడామె గోడ దగ్గర్నుంచి కదిలింది. సన్న పట్టకారుతో బల్ల మీది వంతెన గదిలో నోరు తెరుచుకున్న మైనపు మనిషిని పైకి తీసింది. జేబులోని దూది విప్పి, రెండు చేతులతో చక్రం పట్టుకుని నిటారుగా నిలబడ్డ మనిషిని ఆ చోట పెట్టింది. కెమెరాలన్నీ ఆమె చేతి మీద వాలాయి.

"ఈయన మా నాన్న," అంది. "నిద్రపోలేదు."

ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. నవ్వాపుకోలేకపోయింది, దారిలో ఒక్కతే నవ్వింది, చూసినవాళ్ళు పిచ్చిదనుకుంటే అనుకోనీ. కడుపులో కాపురమున్నది మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది, అక్కడంతా విశాలంగా, తేలిగ్గా ఉంది. వాడు కుర్చీలో కూలబడ్డ తీరు మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ఇంకొంచెం ఏడిపించి ఉండాల్సింది అని కూడా అనుకుంది. నాన్నకు ఏమీ చెప్పలేదు, పేపర్లో చూసి మురిసిపోవాలని.

మర్నాడు పొద్దున్నే పేపరు వచ్చింది. మొదటి పేజీలో బొమ్మ, చక్రం పట్టుకుని నిలబడ్డ నాన్న. పైన పెద్ద అక్షరాలు: వంతెన మనిషి మెలకువగానే ఉన్నాడు. ఆమె దాన్ని నాన్న ముందు పరిచింది. ఆయన చదివాడు. మళ్ళీ మొదటి నుంచీ చదివాడు. ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది, ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు ఏడుస్తాడు అని. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళలేదు. పేపరు మడిచి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఎంత పని చేశావమ్మా," అన్నాడు మెల్లగా.

మెచ్చుకోలనే అనుకుంది, పిచ్చిది. వీధిలోకి చూస్తే అప్పుడే సందడి మొదలైంది. కునుకు అని పిలిచే కిళ్ళీ కొట్టువాడు పెద్దాయన లేచారా అని కేకేశాడు. ఎవరో పేపరు చదువుతున్నారు, ఎవరో వింటున్నారు. కింద వాటాలో ఉండే ఇస్త్రీ పెద్దమ్మ కూడా వింటోంది. ఆమెకు చదువు రాదు.

ఇస్త్రీ పెద్దమ్మ ఈ ఇంటికి బంధువు కాదు గానీ అంతకన్నా ఎక్కువ. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ మొదటి పొద్దున గట్టు మీద పోయిన కుర్రాళ్ళలో ఒకడు. అయినా వీధంతా ఈ కుటుంబాన్ని వెలేసినంత పని చేసిన రోజుల్లో, ఆమె ఒక్కతే వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. నాన్న బట్టలు ఇస్త్రీ చేసి డబ్బులు తీసుకునేది కాదు. ఎవరైనా నీకు సిగ్గులేదా అంటే, నిద్ర ఎవరికైనా వస్తుంది, దానికి మనిషినేం చేస్తాం అనేది.

ఇప్పుడామె మెట్లెక్కి వచ్చింది. చేతిలో మడతపెట్టిన నాన్న చొక్కాలు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"తమ్ముడూ, మెలకువగానే ఉన్నావా?" అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఉన్నానక్కా."

"చెయ్యి చక్రం మీదే ఉందా?"

"ఉంది."

"అవతల వాళ్ళు కనబడ్డారా?"

"లారీ వెనకే కనబడ్డారు."

"మరెందుకు తిప్పలేదు?"

కూతురు నాన్న వైపు తిరిగింది. ఈ ప్రశ్న ఇన్నేళ్ళలో తనకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఆగమన్నాడక్కా," అన్నాడు నాన్న. "కాదంటే ఉద్యోగం పోతుందనుకున్నాను. పసిపిల్ల ఉంది కదా అనుకున్నాను."

పెద్దమ్మ తల ఊపింది. అర్థమైనట్టే ఊపింది. "నిద్రపోయావనుకునే ఇన్నాళ్ళూ నీ ముఖం చూడగలిగాను. మావాడిదీ మొద్దునిద్రే. లేపితే లేచేవాడు కాదు. వాణ్ణి తలుచుకునే నిన్ను వదిలేశాను."

కూతురు మధ్యలోకి వచ్చింది. ఆర్డరు వాడిది పెద్దమ్మా, తప్పు వాడిది, నాన్న ఏం చేస్తాడు అని గబగబా చెప్పింది. పెద్దమ్మ ఆమె వైపు తిరిగింది. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. వరండాలో నిలబడ్డ రోజు నుంచీ తను జనరల్‌ను చూసిన చూపు అది, అచ్చంగా అదే.

"వాడి సంగతి నువ్వు చూసుకున్నావు కదమ్మా," అంది పెద్దమ్మ. "మావాడి సంగతి నేను చూసుకోవద్దూ?"

చొక్కాలు గడప మీద పెట్టి మెట్లు దిగింది. తన గదికి వెళ్ళలేదు. వీధి దాటి ఎదురింటి తలుపు కొట్టింది. ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఆ గట్టు మీదే పోయారు. తలుపు తెరిచిన ముసలాయనతో ఏదో చెప్పింది, ఇద్దరూ కలిసి తలెత్తి ఈ కిటికీ వైపు చూశారు. ఆ వీధిలో అటువంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ పక్క వీధిలోనూ ఉన్నాయి.

ఆమె తలుపు వెయ్యబోయింది. చెయ్యి గడియ మీద పడేసరికి నాన్న వెనక నుంచి పిలిచాడు. ఆయన స్టూలును గుమ్మానికి ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు, బయటివాళ్ళకు బాగా కనబడేలా.

"వెయ్యకమ్మా," అన్నాడు. "వస్తారు."